మాత్ర ఆపిన వారం

మా గల్లీలో రక్తం పలచబడే మాత్ర వేసుకునేవాళ్లు నాకు తెలిసి నలుగురున్నారు. కూరగాయల బండి దగ్గరో మందుల షాపు దగ్గరో ఎదురుపడితే మేం జబ్బు ఊసెత్తం. మాట్లాడుకునేదంతా మాత్ర గురించే. ఎవరి చిగుళ్లలో రక్తం కనపడింది, ఎవరికి గడప తగిలినచోట నల్లగా కమిలింది, ఎవరి ఐఎన్నార్ (రక్తం ఎంత ఆలస్యంగా గడ్డకడుతోందో చూపే టెస్టు అంకె) ఎంతకు ఎగబాకింది, ఇవే ముచ్చట్లు. గుండె లోపల ఏం జరుగుతోందో మాలో ఎవరికీ తెలియదు. మాత్ర ఏం చేస్తోందో మాత్రం ఒంటి మీద తెలుస్తూనే ఉంటుంది. అందుకే మాకు జబ్బుకన్నా మాత్రంటేనే భయం. ఆ భయం నాకు ఎందుకు తిరగబడిందో చెబుతాను. కుడిచేతి వేళ్లు సహకరించక నేను చెబుతుంటే మా అబ్బాయి రాశాడు. వాడు బీఫార్మసీ చదివాడు కాబట్టి లెక్కలూ సంవత్సరాలూ వాడివి. మిగతాది నాది.

మాది తెనాలి దగ్గర పల్లె. పదేళ్లప్పుడు గొంతునొప్పి, జ్వరం వచ్చాయి. తగ్గాయనుకునేలోపు మోకాలు వాచింది. అక్కడ తగ్గి మోచేతికి, అక్కడ తగ్గి మణికట్టుకు తిరిగింది. వాతమన్నారు, కషాయం పోశారు, కొన్నాళ్లకు లేచి బడికి పోయాను. అది కీళ్లజ్వరం. కీళ్లను నాకి వదిలేసి గుండెను కొరికే జ్వరమని దాన్ని డాక్టర్లు అంటారట. గొంతులో చేరిన క్రిమి మీద ఒళ్లు తిరగబడుతూ తన గుండె వాల్వులనే దెబ్బతీసుకుంటుంది. అప్పట్లోనే పట్టుకుంటే మూడు వారాలకో పెనిసిలిన్ సూది చొప్పున ఏళ్ల తరబడి వేస్తారు. మా ఊళ్లో ఆ మాట చెప్పినవాళ్లు లేరు.

పెళ్లయ్యాక హైదరాబాద్‌లోని యూసుఫ్‌గూడ వచ్చాం. మా ఆయన సినిమాల్లో లైట్‌మన్. కృష్ణానగర్‌లో గది తీసుకుంటే స్టూడియోలన్నీ దగ్గరే. తెల్లారేసరికి యూనిట్ బండ్లు మా మెయిన్ రోడ్డు మీదే ఆగుతాయి, జూనియర్ ఆర్టిస్టులు టీ కొట్ల దగ్గరే పిలుపు కోసం నిలబడతారు. నేను జాకెట్లు కుట్టడంతో మొదలుపెట్టి మగ్గం వర్కులోకి దిగాను. డ్యాన్సర్ల డ్రెస్సులకు అద్దాలు, పూసలు, జర్దోసీ. పొద్దున షూటింగనగా ముందురోజు సాయంత్రం గుడ్డ తెచ్చి పడేస్తారు.

రెండో కాన్పులో మెట్టెక్కితే ఆయాసం, పడుకుంటే దగ్గు. మైట్రల్ వాల్వు సన్నబడిపోయిందని అప్పుడు బయటపడింది. కాన్పయ్యాక పంజగుట్ట నిమ్స్‌లో బెలూన్ వేశారు. తొడ దగ్గర నరంలోంచి సన్నటి గొట్టం గుండెదాకా పంపి, చివరనున్న బెలూన్ ఉబ్బించి వాల్వు తెరవడమన్నమాట. ఇనోయే అనే జపాన్ సర్జన్ 1980ల్లో తయారుచేసిన పద్ధతి. ఛాతీ కొయ్యలేదు, కుట్టు పడలేదు. చాలా ఏళ్లు నాకు గుండె ఉన్న సంగతే గుర్తురాలేదు.

తర్వాత తర్వాత మగ్గం ముందు ఊరికే కూర్చున్నా దడ మొదలైంది. కాసేపు తీరుగా కొట్టుకుంటుంది, ఉన్నట్టుండి గబగబా నాలుగు, ఆగి ఒకటి, మళ్లీ గబగబా. టీలు ఎక్కువయ్యాయనుకున్నాను. చెకప్‌కు పోతే డాక్టరుగారు నాడి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. ఈసీజీ తీసి ఏఎఫ్ అన్నారు, ఏట్రియల్ ఫిబ్రిలేషన్. గుండె పైగదులు ముడుచుకోవడం మానేసి వణుకుతుంటాయి. ఎడమవైపు పైగదికి చిన్న సంచిలాంటిది అంటుకుని ఉంటుంది. కదలని నీళ్లకు నాచు పట్టినట్టు అక్కడ నిలిచిన రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ ఊడివస్తే నేరుగా మెదడుకే పోవచ్చు.

ఆవిడ అంత విడమరిచి చెప్పినా నా చెవికెక్కింది ఒక్కటే, జీవితాంతం మాత్ర వేసుకోవాలని. ఏసిట్రోమ్. మామూలు మనిషికి ఐఎన్నార్ ఒకటి దగ్గర ఉంటుంది, నాకు రెండుకూ మూడుకూ మధ్య నిలబెట్టాలి. రెండుకు తగ్గితే గడ్డ భయం, నాలుగు దాటితే రక్తస్రావం భయం. అది అక్కడ నిలవదు కదా. ఈ నెల 2.2 ఉంటుంది, వచ్చే నెల 3.8. మాత్రలు చవకే. టెస్టుకు కట్టే డబ్బూ, దానికోసం పోయే సగంరోజు కూలీ కలిస్తేనే బరువు.

మా అత్తయ్య సంగతి చెప్పాలి. రక్తం పలచబడితే మనిషిలో బలం పోతుందని ఆవిడ గట్టి నమ్మకం. నాకు చాటుగా బీట్‌రూట్ రసం, ఖర్జూరాలు పెట్టేది. కోడలి రక్తాన్ని మందు పలచన చేస్తుంటే తను చిక్కన చేస్తున్నాననుకునేది పాపం. అదేం కాదని ఆవిడకు నవ్వుతూ చెప్పేదాన్ని గానీ లోపల నాకూ అదే అనుమానం. నీరసమొస్తే మాత్రే కారణమనుకునేదాన్ని. ఆ మాత్ర రక్తాన్ని నీళ్లలా చెయ్యదనీ, గడ్డకట్టే వేగాన్ని మాత్రమే తగ్గిస్తుందనీ డాక్టరుగారు ఎన్నిసార్లు చెప్పారో. విటమిన్ కె ఆసరాతో కాలేయం తయారుచేసే కొన్ని పదార్థాలను అది అడ్డుకుంటుందట. ఆకుకూరల్లో ఆ విటమిన్ దండిగా ఉంటుంది. ఆ ముక్క విన్నప్పటి నుంచి మా ఇంట్లో గోంగూర, తోటకూర, పాలకూర బంద్. ఆషాఢంలో మునగాకు వండితే నేను ఆవకాయన్నం. తీరా డాక్టరుగారికి తెలిసి కేకలేశారు. మానెయ్యమని ఎవరన్నారు, ఒక వారం కట్టలు కట్టలు తిని ఇంకో వారం మానెయ్యొద్దన్నాను, ఎప్పుడూ ఒకే తీరుగా తినమన్నాను అని.

సూది మా పనిలో రోజూ గుచ్చుకునేదే. పూసల సూది దిగితే ఎవరికైనా ఒక చుక్క వచ్చి ఆగిపోతుంది. నాకు ఆగదు. లేత రంగు నెట్ మీద ఒక్క చుక్క పడిందంటే ఆ పీసు పోయినట్టే. ఎవరి రక్తం మరక వాళ్ల ఉమ్మితోనే పోతుందని టైలర్లందరికీ తెలుసు, ఉమ్మిలో తడిపిన దారంతో అద్ది తీస్తాం. నేను దారం నోట్లో పెట్టుకునే కూర్చునేదాన్ని. ఒకసారి హీరోయిన్ దుపట్టా మీద పడితే మాకు పని ఇచ్చే మాస్టారు చూడకముందే దాని మీద ఇంకో పువ్వు కుట్టేశాను. డిజైన్‌లో లేని పువ్వు. ఎవరూ అడగలేదు, సినిమాలో కూడా ఉంది.

మాత్ర సంగతి మాస్టారుకు చెప్పలేదు. చెబితే మరుసటి రోజు నుంచి పని రాదు. మా ఆయన కూడా తన యూనిట్‌లో అనలేదు. అమ్మాయికి సంబంధాలు చూస్తున్న రోజులు, తల్లికి గుండెజబ్బంటే ఆ వంశానికే అంటగడతారు. రాత్రి తొమ్మిదికి వంటింట్లో గోడవైపు తిరిగి మింగేదాన్ని.

ఇవి చాలనట్టు మా అబ్బాయి కాలేజీ నుంచి వచ్చి, అమ్మా, నీ మాత్ర ఎలకల మందు జాతిదే అన్నాడు. నిజమే. 1920ల్లో అమెరికా, కెనడాల్లో పాడైపోయిన తియ్యటి గడ్డి మేసిన పశువులు ఆగని రక్తస్రావంతో చచ్చిపోయేవి. విస్కాన్సిన్‌లో కార్ల్ లింక్ అనే శాస్త్రవేత్త బృందం ఆ గడ్డిలోని పదార్థాన్ని పట్టుకుంది. దాని దారిలోనే పుట్టిన వార్ఫరిన్‌ను 1948లో ఎలకల మీద వాడారు, 1954 నుంచి మనుషులకు ఇస్తున్నారు. 1955లో గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కూ ఇచ్చారు. నా ఏసిట్రోమ్ దాని దాయాది. వాడు గొప్పగానే చెప్పాడు. నేను ఎలక దగ్గరే ఆగిపోయాను, అధ్యక్షుడిదాకా వెళ్లలేదు.

మా పక్కింటి బాబాయిగారిది ఇంకో దారి. పాతకాలం మేకప్‌మన్, డెబ్బై దాటాయి. ఆయనకూ ఏఎఫే గానీ వాల్వు బాగానే ఉంది. అందుకని కొత్తరకం మాత్ర ఇచ్చారు. దానికి నెలనెలా ఐఎన్నార్ అక్కర్లేదు, ఆకుకూరల గొడవ లేదు. పేటెంట్లు తీరాక మన కంపెనీలు తయారుచేస్తుండటంతో ధర కూడా బాగా దిగింది. నాకూ అదే రాయమని అడిగాను. కీళ్లజ్వరంతో వాల్వు సన్నబడినవాళ్లకు పాత మందే మంచిదన్నారు. మన దేశం సహా చాలా దేశాల్లో నాలాంటి రోగులు నాలుగున్నర వేలమంది మీద పరీక్షించి చూశారట. ఇన్‌విక్టస్ అని దాని పేరు, 2022లో ఫలితం వచ్చింది. కొత్త మాత్ర వేసుకున్నవాళ్లకన్నా పాతది వేసుకున్నవాళ్లే ఎక్కువమంది బతికారు.

ఇంత సుఖమైన మందు దొరికిన బాబాయిగారు దాన్ని నమ్మడు. టెస్టు లేని మందు మందేంటమ్మా, పనిచేస్తోందో లేదో ఎట్లా తెలుస్తుంది అంటాడు. దడ పుట్టిన రాత్రి వేసుకుంటాడు, తగ్గితే డబ్బా మూస్తాడు. గడ్డ కట్టేటప్పుడు దడ పుట్టాలని రూలేమీ లేదు. టెస్టు ఉన్న నేను టెస్టును తిట్టుకుంటాను, లేని ఆయన లేదని మందునే తీసిపారేస్తాడు.

2023 జులై. నాకు కింది దవడ పన్ను పుచ్చి దవడంతా వాచింది. తీసెయ్యాలన్నారు. ఏసిట్రోమ్ వాడుతున్నానని పళ్ల క్లినిక్‌లో ముందే చెప్పాను, కార్డు చూపించాను. అయితే రక్తం ఆగదు, మాత్ర ఆపి ఐదారు రోజులయ్యాక రండి అన్నారు. గుండె డాక్టరుగారిని అడుగుదామని ఫోన్ చేస్తే ఆవిడ ఊళ్లో లేరు, ఎత్తినవాళ్లు పళ్ల డాక్టరు చెప్పినట్టు చెయ్యమన్నారు. ఆపాను. పన్ను తీశారు. గాయం మానేదాకా మొదలుపెట్టొద్దన్నారు.

ఆ రోజుల గురించి నిజం చెబుతాను. నాకు ఎంతో హాయిగా ఉండింది. చేతుల మీద నీలం మచ్చలు పసుపుకు తిరిగి మాయమయ్యాయి. పళ్లు తోముకుంటే ఉమ్మి తెల్లగా ఉంది. సూది గుచ్చుకుంటే చుక్క వచ్చి ఆగింది. అత్తయ్య నా మొహం చూసి తేటపడ్డావే అంది. గోంగూర పచ్చడి భయం లేకుండా కలుపుకున్నాను. ఏళ్ల తర్వాత జబ్బులేని మనిషిననిపించింది. ఏసిట్రోమ్ పని ఒంట్లోంచి రెండు రోజుల్లో దిగిపోతుంది. నేను తేటపడ్డానని అందరూ అంటున్న రోజుల్లోనే ఆ సంచిలో గడ్డ తయారవుతోంది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం వాన. గట్టి వానొస్తే కృష్ణానగర్ సందుల్లో నీళ్లు ఏరులా పారి బండ్లు కొట్టుకుపోవడం టీవీల్లో చూసే ఉంటారు. నేను మగ్గం ముందు ఉన్నాను. సూది కింద పడింది. తీసుకుందామని వంగితే వేళ్లు దాన్ని పట్టుకోవు. చెయ్యి ఉంది, నాది కాదు. నొప్పి లేదు, అదే విచిత్రం. మా ఆయన్ని పిలవబోతే పెదవి ఒకవైపు జారింది, నోట్లోంచి 'సూది' అని వచ్చింది. ఏమైందన్నాడు. సూది. నీళ్లు కావాలా? సూది. నాకు చెప్పాల్సినవన్నీ లోపల స్పష్టంగా ఉన్నాయి, ఆయన పేరు, పిల్లల పేర్లు, చెయ్యి పనిచెయ్యట్లేదనే మాట. తలుపు దాటి వచ్చేది మాత్రం ఆ ఒక్కటే. నా గొంతు నాకే వినపడుతుంటే ఏడుపొచ్చింది. ఏడుపు కూడా సగం మొహంతోనే.

ఇల్లు నిండిపోయింది. షుగర్ పడిపోయిందని ఒకరు చక్కెర నీళ్లు తెచ్చారు. గాలి సోకిందని, నిమ్మకాయ తిప్పమని ఒకరు. వానలో ఎక్కడికి పోతారు, పడుకోబెట్టండి, పొద్దున్నే చూద్దామని పెద్దవాళ్లు. మా పైపోర్షన్‌లో ఒక జూనియర్ ఆర్టిస్టు అమ్మాయి ఉండేది. వాళ్ల నాన్నను అలాగే పొద్దుటిదాకా పడుకోబెట్టారట, మంచంలోనే ఉండిపోయాడు. ఆ పిల్ల చక్కెర నీళ్ల గ్లాసు లాక్కుని, ఏమీ తాగించొద్దు అంకుల్, ఇప్పుడే తీసుకుపోవాలి, ఆంటీకి బ్రెయిన్ స్ట్రోక్ అని అరిచింది. 108కి ఫోన్ చేస్తే వస్తున్నామన్నారు గానీ గల్లీలోకి రాలేరు, నడుం లోతు నీళ్లు. లైటింగ్ యూనిట్ వ్యాన్ ఒకటి మలుపులో ఆగి ఉంది, ఎత్తు బండి. డ్రైవర్ మా ఆయనకు తెలిసినవాడే. నన్ను ఎత్తుకుని తీసుకెళ్లి లైట్ స్టాండ్ల మధ్య పడుకోబెట్టారు. ఆసుపత్రి చేరేదాకా ఆ పిల్ల నా మొహం తన ఒళ్లో పక్కకు తిప్పి పట్టుకుంది, నోట్లో ఊరేది గొంతుకు అడ్డం పడకుండా.

అక్కడ మొదట అడిగింది ఒకటే ప్రశ్న: చివరిగా బాగున్నది ఎప్పుడు? మా ఆయన చెప్పగలిగాడు, టీ ఇచ్చినప్పుడు మాట్లాడాను, ఇంకా ఆరు కాలేదని. తల స్కాన్ చేశారు, రక్తస్రావం లేదు, గడ్డే. ఐఎన్నార్ 1.2. నాలుగున్నర గంటల లోపు వస్తే గడ్డ కరిగించే మందు ఎక్కించవచ్చు. ఐఎన్నార్ 1.7 దాటి ఉంటే మాత్రం ఎక్కించరు, తలలో రక్తం కారుతుందని. మాత్ర ఆపినందువల్లే గడ్డ వచ్చింది, మాత్ర ఒంట్లో లేనందువల్లే గడ్డ మందు ఎక్కించగలిగారు. దీనికి ఏడవాలో నవ్వాలో ఇప్పటికీ తెలియదు. సంతకం పెట్టడానికి మా ఆయన చెయ్యి వణికిందట. ఆరుమంది మోసే లైటు ఒక్కడే ఎత్తే మనిషి.

మందు గంటసేపు ఎక్కింది. అర్ధరాత్రి దాటాక కాలు కదిలింది. తెల్లవారుజామున నర్సమ్మ పేరడిగితే నా పేరు చెప్పాను. నా పేరు అంత బాగుంటుందని అప్పటిదాకా తెలియదు.

పన్ను తీయడానికి మాత్ర ఆపక్కర్లేదని అక్కడి న్యూరో డాక్టరు చెప్పినప్పుడు మా ఆయన గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు. ఐఎన్నార్ హద్దులో ఉంటే మాత్ర వేసుకుంటూనే మామూలు పన్ను తీస్తారు. కుట్టు వేసి, గాజుగుడ్డ అదిమిపెట్టి, రక్తం ఆగే మందుతో పుక్కిలింపజేస్తారు. కాస్త ఎక్కువసేపు కారుతుంది, అంతే. నోట్లో కారే రక్తాన్ని వేలుతో నొక్కి ఆపొచ్చు, తలలో ఇరుక్కున్న గడ్డను అలా నొక్కలేం. మా అబ్బాయి ఆ రాత్రే పుస్తకాలు ముందేసుకున్నాడు. అమెరికాలో ఫ్రామింగ్‌హామ్ అనే ఊరి జనాన్ని దశాబ్దాలు గమనించి 1978లో వేసిన లెక్క చూపించాడు. ఏఎఫ్ ఉంటే పక్షవాతం ముప్పు ఐదింతలు పైన. కీళ్లజ్వరం వాల్వుతో పాటు ఏఎఫ్ ఉంటే పదిహేడింతలు పైన. ఈ జాతి మాత్ర సరిగ్గా వాడితే ఏఎఫ్ వాళ్లలో మూడు పక్షవాతాలకు దాదాపు రెండు తప్పుతాయి. ఇన్నేళ్లూ నా ముందు ఎలకనే పెట్టావు, ఈ లెక్క ముందు చెప్పి ఉండొచ్చు కదరా అన్నాను. సగం మాటలు తడబడుతూనే అన్నాను. వాడు ఏడ్చాడు.

కొన్ని రోజులు ఆగి, రెండోసారి స్కాన్‌లో రక్తస్రావం లేదని చూసి మాత్ర మళ్లీ మొదలుపెట్టారు. మొదటి రాత్రి నర్సమ్మ ఇచ్చేలోపు నేనే చెయ్యి చాపాను. అలాగని మాత్ర నాకు దేవుడైపోలేదు. పోయినేడు విరేచనాలకు మెట్రోనిడజోల్ రాశారు, అది ఏసిట్రోమ్‌తో కలిస్తే రక్తం మరీ పలచబడుతుందట. మూత్రం ఎర్రగా వచ్చింది, ఐఎన్నార్ ఆరు దాటింది. విటమిన్ కె ఇచ్చి దించారు. నొప్పి బిళ్ల మింగాలన్నా ఇప్పుడు అడగందే మింగను. భయం పోలేదు. రెండువైపులా సమానంగా పంచుకుంది, అంతే.

వేళ్లలో స్పర్శ పూర్తిగా రాలేదు. పూస పట్టుకున్నానో లేదో చూస్తేగానీ తెలియదు. మాస్టారుకు అంతా చెప్పేశాం, ఇక దాచేందుకేముంది. ఆయన తల్లి కూడా అదే మాత్ర వేసుకుంటోందట, పదేళ్లుగా, ఎవరికీ చెప్పకుండా. పని తీసెయ్యలేదు. ట్రేసింగ్, గుడ్డ కొలతలు నాకిచ్చి, మగ్గం మీద కొత్త పిల్లను కూర్చోబెట్టారు. కూలీ సగమైంది. పర్సులో ఒక అట్టముక్క ఉంటుంది. ఏ మాత్ర, ఎందుకు, ఎవరిని అడగకుండా ఆపకూడదు, అన్నీ తెలుగులోనూ ఇంగ్లీషులోనూ రాసి.

మొన్నీమధ్య బాబాయిగారికి కంటి శుక్లం ఆపరేషన్ తేదీ ఇచ్చారు. వారం ముందే ఆయన సంతోషంగా మాత్రల డబ్బా అటకెక్కించాడు. నేను వాళ్లమ్మాయిని కూర్చోబెట్టి కంటి డాక్టరు, గుండె డాక్టరు ఫోన్‌లో మాట్లాడుకునేదాకా వదల్లేదు. ఆపక్కర్లేదన్నారు. డబ్బా కిందికి దింపాం. ఆపరేషన్ బాగా జరిగింది. బ్యాండేజీ తీశాక కృష్ణకాంత్ పార్కులో చెట్ల ఆకులు విడివిడిగా కనపడుతున్నాయని ఊరంతా చెప్పాడు. కంట్లో చుక్కలు రోజుకు ఎన్నిసార్లంటే అన్నిసార్లు గడియారం చూసి వేసుకుంటున్నాడు. గుండె మాత్ర మాత్రం ఇంకా కూతురే చేతిలో పెట్టి, మింగేదాకా నిలబడాలి.